హద్దుల్లేని బండ్లు

"మా ఆయన్ను పాము కరిచిందమ్మా, కండ్లు మూతలు పడతాండాయి," ఓర్వకల్లు నుంచి ఓబులమ్మ ఫోను.

కర్నూలు అంబులెన్సు సంఘం గదిలో, దగ్గరి బండిని వెతికే మ్యాపు తిరుగుతూనే ఉంది.

"పాము కంప్యూటర్నీ కరిసిందేమో," అన్నాడు డ్రైవరు సుబ్బయ్య.

ఫోను ఎత్తిన హర్షిణి బండ్ల జాబితా తెరిచింది. ప్రతి బండి తిరిగే హద్దూ ఒకటే: కర్నూలు, కడప జిల్లాలు మొత్తం.

"ఇదేందన్నా?"

"తక్కువ రాయిస్తే పరువేముంటాదమ్మా?"

"హద్దు చూసే కదన్నా కంప్యూటరు దూరపు బండ్లను వదిలేసేది. ఇప్పుడు అన్ని బండ్ల దూరాన్నీ ఒక్కోటిగా కొలుస్తాంది."

ఆమె హద్దులన్నీ చెరిపి, ప్రతి బండికీ అది నిలిచే ఊరినే హద్దుగా పెట్టింది. రెప్పపాటులో తెరపై డ్రైవరు భూపేష్ బండి, ఓర్వకల్లు బస్టాండు. వెంటనే దాన్ని ఓబులమ్మ ఇంటికి పంపింది.

సుబ్బయ్య గుమ్మంలోని డ్రైవర్ల వైపు తిరిగాడు.

"యాడికైనా పోతామని రాయించుకున్నాం కదప్పా. అందుకే అది మనల్ని యాడా పట్టుకోలేకపోయింది."