ఒక్క గుక్క

శ్రీహరి గేటు పట్టుకుని ఊపాడు. గేటుకు అరచేయంత తాళం. తాళానికి ఇవతల వందన, అవతల మొగుడు.

బెల్లంపల్లిలో పాత గని క్వార్టర్లు నాలుగు కలిపి, కల్లుకు బానిసలైన ఆడవాళ్ల కోసం నడుపుతున్న ఇల్లు అది. మూడు నెలలు ఉండాలి. వందన వచ్చి నలభై ఏడు రోజులైంది. రావడం మాత్రం ఇది మూడోసారి.

"నిన్ననే ఫోన్ల జెప్పిన గద, ఇయ్యాల ఎల్లమ్మ బోనాలని," అన్నాడు శ్రీహరి. దుబాయి నుంచి నెల సెలవు మీద వచ్చాడు. "పెద్దకోడలివి. నువ్వు బోనమెత్తి, అమ్మోరి ముంగట కల్లు సాక వోసి, గా కల్లే తీర్థం తీసుకోకుంటె అమ్మోరు ఊకుంటదా? ఒక్క గుక్క. గంతే."

వందనకు అరికాలి మంట నెత్తికెక్కింది. తాళాన్ని రెండు చేతులా పట్టి గుంజింది. ఊడలేదు.

ఒక్క గుక్కే మరి! పెళ్లైన కొత్తలో నాట్లేసి నడుం పడిపోతే, ఒక్క గుక్క తాగితే నొప్పులు తెలియవని అత్తే గ్లాసు అందించింది. ఆ కల్లులో మత్తుమందు కలుపుతారని ఊరంతా ఎరుగుదురు, కొత్తకోడలు తప్ప. మొదటిసారి ఇక్కడినుంచి మరిది పెళ్లికని తీసుకెళ్లారు. రెండోసారి పండగకని. రెండుసార్లూ వందన రానని మొదలుపెట్టి, చివరికి బండెక్కింది. రెండుసార్లూ ఫిట్స్‌తో నాలుక కొరుక్కుని ఆటోలో అడ్డంగా పడి వచ్చింది. మూడోసారి ఇలా తెస్తే మనిషి దక్కదని డాక్టర్ శ్రీహరికి ఎదురుగానే చెప్పాడు. ఆయనగారు బుద్ధిగా తలూపాడు కూడా.

"బాలవ్వా, తాళంచెవి దొరికిందా?" అని వందన లోపలికి అరిచింది.

వంటమనిషి బాలవ్వ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆఫీసు గదిలో మేకుకు లేదట, సొరుగులోనూ లేదట. నొక్కితే పడే తాళమాయె. లిడియా టీచర్ మిగతావాళ్లను చర్చికి తీసుకెళ్తూ తాళం నొక్కి, చెవి మరిచిపోయి వెంటబెట్టుకుని పోయి ఉంటుందట. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

"మనుషులను గొడ్ల లెక్క తాళమేసి పోతదా? గా టీచరమ్మకు బుద్ధున్నదా?" వందన గొంతు చిరిగిపోయేలా తిట్టింది. కల్లు తలపుకొచ్చి నోట్లో నీళ్లూరుతున్నాయి. అందుకు ఆమెకు తనమీదే అసహ్యం వేసింది.

శ్రీహరి రోడ్డు పక్కనుంచి పెద్ద రాయి తెచ్చాడు.

"పలగొట్టు," అంది వందన. "టీచరమ్మ ఊకునే మనిషి గాదు. కేసు వెడ్తది. పోలీసులు నీ పాస్‌పోర్టు గుంజుకుంటె, మళ్ల దుబాయి ఎట్ల పోతవో పో."

రాయి కిందపడింది. సరిగ్గా అప్పుడే శ్రీహరి జేబులో ఫోన్ మోగింది. వాళ్లమ్మ. పొద్దెక్కుతోంది, ఇక ఆగేది లేదు, చిన్నకోడలు నవతతో ఎత్తిస్తామని చెప్పింది.

శ్రీహరి గేటును ఒక్క తన్ను తన్నాడు. "నీకు నసీబు లేదు," అని బండెక్కాడు.

వందన కళ్లు ఎర్రబడ్డాయి. గుండెల మీద అరచేయి గట్టిగా నొక్కి పట్టుకుని నిలబడింది. ఇంటికి పోలేకపోయిందని బాలవ్వకు జాలేసింది.

"ఏడ్వకు బిడ్డా. వచ్చే ఏడు ఎత్తుదువు."

"నేనేం ఏడుస్తలే," అంది వందన.

బండి చప్పుడు పూర్తిగా ఆగిపోయాక వందన ఆఫీసు గదిలోకి వెళ్లి, తెల్లవారుజాము నుంచి రొమ్ముకు గుచ్చుకుంటున్న తాళంచెవిని రవికెలోంచి తీసి మేకుకు తగిలించింది.