మూరెడు తక్కువ కొండ

"నా సంచిలో ఇంకో రాయి పెట్టావంటే ఇక్కడే కూలబడతాను," అంది బోర్గిల్డ్.

హాల్వర్ ఆ మాట విననట్టే, గొర్రెల కంచె పక్కన ఏరిన పలకరాయిని భార్య సంచిలోకి తోసి తాడు బిగించాడు.

"ఇదొక్కటే. ఎంత చదునుగా ఉందో చూడు. కుప్ప మీద కుదురుగా కూర్చుంటుంది."

"ఇంట్లో ఉంటే నేనూ కుదురుగానే కూర్చునేదాన్ని. ఆదివారం పూట జనం వాఫిల్స్ పోసుకు తింటారయ్యా, గాడిదల్లా రాళ్ళు మొయ్యరు. బరువైనవన్నీ నాకేనా?"

"డాక్టరమ్మ నన్ను బరువులు ఎత్తొద్దంది కదా!"

"నడవమని కూడా అంది. అది మాత్రం చెవికెక్కలేదు."

నిజమే. చలికాలంలో హాల్వర్ గుండె ఓసారి మొరాయించింది. వారం వారం కొండెక్కి దిగకపోతే ఆ గుండెకు తాను పూచీపడలేనని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. "పనీపాటా లేకుండా నడవడానికి నేనేమన్నా కుక్కనా?" అంటూ ఆయన సోఫాకు అతుక్కుపోయాడు. బోర్గిల్డ్ బతిమాలింది, ఏడ్చింది, ఓ పూట అలిగి అన్నం మానేసింది. సోఫా గుంట పడింది గాని ఆయన కదల్లేదు.

ఆయన్ని చివరికి లేపింది మూరెడు ఎత్తు.

కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, ఆ ఫ్యోర్డ్ నీళ్ళకు ఈ ఒడ్డున నాకెన్, ఆ ఒడ్డున హెటా. రెండూ ఓ పూటలో ఎక్కి దిగే కొండలే. రెండూ ఒకటే ఎత్తని సర్వేవాళ్ళు ఏనాడో తేల్చేశారు. ఎక్కినవాళ్ళు తలా ఓ రాయి శిఖరం మీద కుప్పలో పెట్టి రావడం రెండు ఊళ్ళలోనూ ఆచారం. అయితే హెటా మీది కుప్ప మూరెడు ఎక్కువ. ఆ ఊరివాళ్ళ కుప్పకు పెద్దదిక్కు బోర్గిల్డ్ తమ్ముడు టోర్గైర్. వసంతంలో ఓ విందులో అతగాడు నలుగురి ముందూ, "మీ కొండ కాస్త పొట్టి కదా బావా," అన్నాడు. అంతే, మర్నాడే హాల్వర్ అటక మీది బూట్లు దింపాడు.

"హెటాని దాటిన రోజున ఈ బూట్లు మళ్ళీ అటకెక్కుతాయి," అన్నాడిప్పుడు ఆయాసపడుతూ. "ఆ తర్వాత నన్ను సోఫా మీంచి లేపడం ఎవరి తరమూ కాదు. అక్కడి నుంచే బైనాక్యులర్స్‌లో మీ తమ్ముడి కుప్పని చూసి నవ్వుకుంటా."

"ఆ రోజెప్పుడొస్తుందో! నా మోకాళ్ళు అరిగిపోతున్నాయి."

"ఈపాటికే రావలసింది. మోసినవన్నీ ఏమైపోతున్నాయో తెలీడం లేదు. అందుకే పోయిన వారం రాళ్ళకి ఎర్రచుక్కలు పెట్టా. ఇవాళ తేలిపోతుంది."

పైకి చేరేసరికి గాలి ఈడ్చి కొడుతోంది. కింద నీళ్ళ మీద ఎండ పడి తళతళలాడుతోంది గాని దాన్ని చూసే ఓపిక ఎవరికుంది? హాల్వర్ తిన్నగా కుప్ప దగ్గరకెళ్ళి చుట్టూ తిరిగాడు. వంగి చూశాడు. టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

"ఒక్కటి లేదు! ఎర్రచుక్క ఒక్కటంటే ఒక్కటి లేదు! మీ తమ్ముడి పనే ఇది!"

"వాడికింకేం పని లేదా, నీళ్ళు దాటొచ్చి రాళ్ళెత్తుకెళ్ళడానికి?"

"ఎందుకు లేదూ? ఇటుది తీసి అటు వేస్తే రెండిందాలా లాభం. మీ ఇంటి తెలివితేటలు నాకు తెలీవా?"

"ఇదిగో, మా ఇంటి జోలికి రాకు."

కుక్కతో ఓ కుర్ర జంట ఎక్కొచ్చి, హాయ్ చెప్పి, తలా ఓ రాయి పెట్టారు. హాల్వర్ వాళ్ళ సంచుల వంక పోలీసులా చూశాడు. వాళ్ళు జడుసుకుని, తెచ్చుకున్న చాక్లెట్ కూడా తినకుండా దిగిపోయారు.

"సిగ్గుగా ఉంది నీతో," అంది బోర్గిల్డ్.

ఇద్దరూ మోసుకొచ్చిన రాళ్ళన్నింటికీ ఆయన ఎర్రచుక్కలు పెట్టి కుప్ప మీద పేర్చాడు. తర్వాత కాస్త దిగువన బండ చాటుకు పోయి, దారి వంక చూస్తూ బోర్లా పడుకున్నాడు.

"ఈ దారి తప్ప ఇంకో దారి లేదు. వాడొస్తే ఇక్కడే పట్టేస్తా. నువ్వు కుప్ప దగ్గర ఓ కన్నేసి ఉంచు."

బోర్గిల్డ్ విసుక్కుంటూనే ఫ్లాస్కులో కాఫీ పోసిచ్చింది, చీజ్ రొట్టె ఇచ్చింది, ఆరెంజ్ ఒలిచిచ్చింది. వీపు మీద ఉన్ని శాలువా కప్పింది. వెచ్చబడిన కాపలాదారు కాసేపట్లోనే గురక పెట్టాడు.

ఉలిక్కిపడి లేచి పరుగున వచ్చి చూస్తే, కుప్ప మళ్ళీ పొద్దుటి ఎత్తుకే దిగింది. ఎర్రచుక్కలు మాయం.

"వచ్చాడు! నేను నిద్రలో ఉండగా వచ్చాడు! నువ్వేం చేస్తున్నావ్?"

"నాకూ కునుకు పట్టింది. ఈ వయసులో కాపలా కాయడానికి నేనేమన్నా సిపాయినా? పోనీ మానేద్దామా ఈ పిచ్చి పని? వాడే గెలిచాడనుకుందాం."

"వాడా? గెలవడమా?" హాల్వర్ మొహం కందగడ్డయింది. "వచ్చే ఆదివారం ఇంకా పొద్దున్నే బయల్దేరుతున్నాం. వానొచ్చినా సరే. మంచు పడినా సరే!"

"నా ఖర్మ!" అంది బోర్గిల్డ్.

ఆయన చేతికర్ర ఊపుతూ, బావమరిదిని తిడుతూ విసవిసా దిగిపోతున్నాడు. చలికాలంలో ఇంటి మెట్లెక్కడానికే ఆగి ఆగి ఊపిరి తీసుకున్న మనిషి, ఇప్పుడు వెనక్కి తిరిగి చూడకుండా నడుస్తున్నాడు. బోర్గిల్డ్ మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ బాగా వెనకబడింది.

మలుపులో ఆయన కనుమరుగవగానే సంచి విప్పి, ఎర్రచుక్కల రాళ్ళను ఎప్పటిలాగే పొదల్లోకి దించింది.