కలుపు పూలు

"ఇరవై మూడు!"

వాచీల మెకానిక్ పెట్టిన కేకకి వంటింట్లో ఇల్లాలి చేతిలోంచి గరిటె జారినంత పనైంది.

"ఇదిగో, టార్చి పట్టుకు రా! పోయిన ఆదివారం ఆరే ఉన్నాయి. ఆరింటినీ నా చేత్తో చంపాను కదే!"

ఆమె చెయ్యి తుడుచుకుంటూ పరుగున వచ్చింది. కిటికీ దగ్గర, అతను వాచీలు బాగుచేసే బల్లకి ఎదురుగా, రెండడుగుల గాజు తొట్టి. అందులో ఉప్పునీళ్ళు, రాళ్ళు, రెండు నారింజరంగు చేపలు, మధ్యలో అరచెయ్యంత ఊదారంగు పగడం. చిటికెన వేలంత ముక్క తెచ్చి, తొమ్మిదేళ్ళు పెంచితే అంతయింది. ఇప్పుడు దాని చుట్టూ గోధుమరంగు కలుపు పూలు. పేరుకే పూలు, నిజానికి తాకితే కుట్టే జీవాలు. వాటి కాటుకి పగడం ఒక పక్క అప్పుడే తెల్లగా పాలిపోయింది. ఇలాగే ఇంకో నెల సాగితే అది దక్కదని అతని భయం.

"కదలకు. ఊపిరి కూడా గట్టిగా తియ్యకు," అన్నాడు కంటికి భూతద్దం బిగించి.

సూదిలో చిక్కటి సున్నం ఉంది. పువ్వు మూతిలో సూది మొన పెట్టి ఒక్క చుక్క వదలాలి. సూది కాస్త పక్కకి తగిలినా చాలు, పువ్వు కన్నంలోకి ముడుచుకుపోతుంది.

"ఎడం పక్కన, ఆ రాతి కింద ఇంకోటుందండీ."

"ఏదీ? అబ్బ, నీవి డేగ కళ్ళే! కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకో."

అంతలో కూతురు ఫోన్ చేసింది. "అరుస్తున్నది నాన్నేనా? నాన్నకి ఇన్ని మాటలొచ్చా అమ్మా?"

"రెండు నెలల నుంచీ ఇంతేనే," అంటూ నవ్వింది ఆమె.

కూతురు అన్నదాంట్లో తప్పేం లేదు. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నంత పొదుపు మనిషి అతను. వాచీ ముందు కూర్చుంటే పొద్దు గూకేదాకా ఉలకడు, పలకడు.

"నవ్వులాటగా ఉందా మీకు? ఇక్కడ పగడం చస్తోంది!" అని ఫోన్ వైపు అరిచి, మళ్ళీ సూది అందుకున్నాడు.

ఇరవై మూడూ చచ్చేసరికి ఇద్దరి నడుములూ పట్టేశాయి.

మళ్ళీ ఆదివారానికి నలభై ఒకటి.

అతను తల పట్టుకుని కూలబడ్డాడు. పగడం సగానికి పైగా తెల్లబడింది. "నేను మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు కూడా నువ్వు కాపలా ఉన్నావు కదే! ఎక్కడి నుంచి పుడుతున్నాయివి? ఇక నా వల్ల కాదు. రేపే తొట్టి ఖాళీ చేసేస్తాను." అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆమె ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "అంత మాటనకండి. ఇంకొక్క వారం చూద్దాం. రోజూ రెండు పూటలా టార్చి పట్టుకుంటాగా."

ఆఖరి ఆశగా చేపల షాపాయనకి ఫోన్ చేసి, ఆమెకీ వినపడేలా పెట్టి, ఇద్దరూ పడుతున్న పాట్లన్నీ చెప్పాడు.

"కత్తెరగానీ బ్లేడుగానీ పెట్టారా సార్?" అడిగాడు షాపాయన. "రక్తబీజుడి సంతతి అది. ఒకదాన్ని నాలుగు ముక్కలు కోస్తే నాలుగూ బతుకుతాయి."

"కోయడానికి నాకేమన్నా పిచ్చా?"

"అయితే దిగులు మానేయండి. ఇవాళే చారల రొయ్యలొచ్చాయి. వాటికి ఈ పూలంటే ప్రాణం. నాలుగు వదలండి, పది రోజుల్లో ఒక్కటి మిగిలితే నన్నడగండి. ఇక మీరిద్దరూ తొట్టి ముందు కూర్చోనే అక్కర్లేదు."

అతనికి పోయిన ప్రాణం లేచొచ్చింది. "విన్నావా? పీడ విరగడైంది! ఇప్పుడే వెళ్ళి తెస్తాను."

ఆమె వెలుగుతున్న టార్చిని ఒళ్ళో పెట్టుకుంది.

దారిలో ఒకరికి ఇచ్చెయ్యాల్సిన వాచీ ఉంది. దానికి బ్యాటరీ మార్చి పట్టుకెళ్దామని పనిముట్ల పెట్టె తెరిచాడు. ఈ పూల గొడవలో పడి వారం రోజులుగా దాని మొహం చూడలేదు. వాచీ వెనక మూత లేపే సన్నటి బ్లేడు తీశాడు.

తుప్పు పట్టి ఉంది.

ముప్పై ఏళ్ళలో అతని పెట్టెలో ఒక్క పనిముట్టుకీ తుప్పు పట్టలేదు. నూనె గుడ్డతో తుడవకుండా దేన్నీ లోపల పెట్టడు. బ్లేడు అంచున తెల్లగా ఏదో పేరుకుని ఉంటే, వేలితో గీకి నాలుకకి రాసుకున్నాడు. ఉప్పు.

ఇంట్లో ఉన్నదే ఇద్దరు. మెల్లగా వెనక్కి తిరిగాడు. ఆమె తన కుర్చీలోనే ఉంది. ఒళ్ళో టార్చి ఇంకా వెలుగుతోంది.

"నువ్వా?" బ్లేడు ఎత్తి చూపించాడు. "పగడం చచ్చిపోతుందని తెలిసి కూడానా? ఎందుకే?"

ఆమె టార్చి ఆర్పేసింది.

"అవన్నీ పోతే, ఇక మీరు నన్ను పిలిచే పనేముంటుందండీ?"