ఎన్ని ఉతుకులైనాయి?

ముసలాయన స్టూలెక్కి, అంగడి రేకుల మీదున్న సోలార్ పలకకు ఎర్రగుడ్డ కడుతున్నాడు.

"ఓ సాబూ! మళ్లా మొదలుపెట్టినావా? దిగు. పడితే నా మీదికొస్తుంది" లోపల్నుంచి అరిచాడు అంగడి మద్దయ్య.

దేవకి పకపకా నవ్వింది. పెళ్లయి మూడు నెలలు. ఆదోని బజారులో ఏం చూసినా ఆమెకు నవ్వే వస్తోంది.

ఆమె, మొగుడు వాదిరాజ కాపురం పెట్టిన ఇల్లు ఊరి చివర. అక్కడికి ఇంకా కరెంటు తీగ రాలేదు. పగలంతా ఆమె కాన్వెంటులో పిల్లలకు పాఠాలు చెబుతుంది. మే నెలలో ఎం.ఏ. పరీక్షలు. కిరోసిన్ బుడ్డి ముందు కూర్చుంటే పావుగంటలో ఆయాసం.

అందుకే చదివింపుల డబ్బుతో సోలార్ దీపం కొనడానికి వచ్చారు. పగలు ఎండ తాగి, సాయంత్రం పొగ లేకుండా వెలుగుతుందట. 1986లో ఆదోని మొత్తానికి అది మద్దయ్య దగ్గరే ఉంది.

రెండు కంపెనీలు.

'భానుతేజ' తేలిక. పైన తళతళలాడే ప్లాస్టిక్.

'అరుణ' బరువు. పైన మందపాటి గాజు.

"రెండింటికీ అయిదేండ్లు గ్యారంటీ సార్. అందరూ భానుతేజే అడుగుతాండారు" అన్నాడు మద్దయ్య.

"అందరూ అంటే?"

"ఇద్దరు సార్."

దేవకి మళ్లీ నవ్వింది.

ముసలాయన స్టూలు దిగి ఆమె కొంగు వైపే చూశాడు. ఎర్రటి ఎమ్మిగనూరు నేత చీర. పెళ్లికి అత్తగారు పెట్టింది.

"ఎన్ని ఉతుకులైనాయి తల్లీ?"

"పదకొండు!" ఆమె లెక్కపెట్టుకుంటూనే ఉంది.

"రంగు దిగిందా?"

"చుక్క కూడా దిగలేదు తాతా."

ఆయన మొహం వెలిగింది. వాదిరాజ మొహం ముడుచుకుంది.

"సారూ, నెల దినాలు ఆగండి. రెండు పలకలకూ సగానికి గుడ్డ కట్టినా. నెలైనాక విప్పి చూస్తే ఏది నిలబడేదో ఎండే సెప్తాది. కొత్తది ఏదొచ్చినా మేము ముందు ఎండకే చూపిస్తాం."

"నేను సైన్సు మాస్టర్ని తాతా. ఆరేయడానికి ఇదేమన్నా బట్టా?"

"ఎండకు బట్టైనా పలకైనా ఒకటే సారూ. ఆ ప్లాస్టిక్కుది మాత్రం వద్దు."

"అరుణ కంపెనీవాళ్లు నీకేమిస్తారు?"

ముసలాయన స్టూలు గోడకు ఆనించి, పోయి అంగడి మెట్టు మీద కూర్చున్నాడు.

సైకిలు వెనక దేవకి, దేవకి ఒళ్లో భానుతేజ. అలా ఇల్లు చేరారు.

మర్నాటి సాయంత్రం దీపం తెల్లగా వెలిగింది. దేవకి చారులో ఆవగింజలు లెక్కపెట్టింది. మొగుడి ఎడమ కనుబొమలో పుట్టుమచ్చ ఉందని కనిపెట్టింది.

"మూడు నెలలు దాచిపెట్టినారే!"

"దీపం కొనేదాకా ఆగినా" అన్నాడు వాదిరాజ.

తర్వాత బజారుకు వెళ్లినప్పుడల్లా ముసలాయన అదే మెట్టు మీద ఒక్కడే కనిపించేవాడు. దేవకిని చూడగానే సగం లేచేవాడు.

"ఇప్పుడెన్ని తల్లీ?"

"పద్నాలుగు!"

"పలక ఎట్లుంది? మబ్బు కమ్మలేదు కదా?"

"రా దేవకీ, బస్సు పోతుంది" అని వాదిరాజ ఆమె చెయ్యి పట్టుకుని నడిచేవాడు.

వాళ్లు ఎక్కాల్సిన బస్సు ఏదీ ఉండేది కాదు.

ఏప్రిల్లో దీపం గంటసేపే వెలిగింది. తర్వాత పావుగంట. పైకెక్కి చూస్తే పలక మీది ప్లాస్టిక్ మామిడితాండ్ర రంగుకు తిరిగి ఉంది. పరీక్షలు ఇంక తొమ్మిది రోజులు. కిరోసిన్ బుడ్డి మళ్లీ బయటికొచ్చింది, దాని వెనకే దగ్గూ వచ్చింది.

పలక మోసుకుని అంగడికి పోయారు.

మద్దయ్య తల గీరుకున్నాడు. "నా దగ్గర కొన్న ఇంకో ఇద్దరూ తెచ్చినారు సార్. కంపెనీకి రెండు జాబులు రాసినా. ఉలుకూ లేదు, పలుకూ లేదు."

దేవకి మెట్టు వైపు చూసింది. ఖాళీ.

"అన్నా, తాత యాడ?"

"ఇమాం సాబా? పోయిన నెలలో పోయినాడమ్మా. రెండు దినాలు రాలేదని నేనే రూముకు పోయి చూసినా. ఒంటిగాడు. ఎవురికి కబురు పంపాల్నో కూడా తెలీలేదు."



వాదిరాజ గోడకున్న స్టూలు లాక్కుని ఎక్కాడు. రేకుల మీద రెండు పలకలూ అట్లే ఉన్నాయి, గుడ్డలతోనే. ముసలాయన పోయినాక ఎవరూ ముట్టలేదు.

భానుతేజకు కట్టిన గుడ్డ విప్పాడు. గుడ్డ కింది సగం నీలం. ఎండలో ఉన్న సగం తాండ్ర రంగు.

అరుణది విప్పాడు. ఆ సగమూ, ఈ సగమూ ఒకటే నీలం.

సైన్సు మాస్టరు స్టూలు మీదే నిలబడిపోయాడు.

"నెల దినాలే కదా ఆగమన్నాడు" అన్నాడు చివరికి.

"ఆ అరుణ తీసుకుపోండి సార్. ముందు అమ్మ పరీక్షలు కానీండి" అన్నాడు మద్దయ్య.

వాదిరాజ పైనుంచి అందించిన ఎర్రగుడ్డను దేవకి రెండు చేతులా పట్టుకుంది.

"ఆయన ముందు ఏం పని చేసేవాడన్నా?"

"ఎమ్మిగనూరులో మగ్గాల నూలుకు ఎరుపేసేవాడమ్మా. నలభై ఏండ్లు. ఆ ఎరుపు ఇంకొకరి చేతికి రాదంటారు. అగ్గువ పొడి రంగులొచ్చినాయి కదా, పోయిన దసరాకు రంగు కాగు కింద పొయ్యి ఆరిపోయింది. అప్పట్నుంచి ఈడికొచ్చి కూర్చునేవాడు. ఎవురన్నా పలకరిస్తారేమోనని."

ఆ రోజు కూడా దేవకి ఒంటి మీద ఆ చీరే ఉంది.

"పంతొమ్మిది తాతా" అంది మెల్లగా, ఖాళీ మెట్టు వైపు తిరిగి.

కొంగు ముందుకు లాక్కుని గుడ్డను దాని మీద పరిచింది. మూడు నెలల ఎండ తిన్న గుడ్డ ఎక్కడ ముగిసిందో, పంతొమ్మిది ఉతుకుల చీర ఎక్కడ మొదలైందో ఆమె కంటికి ఆనలేదు.