అరవై దాటని కారు

"అరవైలో పోతున్నావేంటి అర్విడ్? ఎనభై వెళ్ళొచ్చని బోర్డుందిగా," అంది గున్వోర్.

"డీజిల్ అడుగంటింది. తొక్కితే దారిలోనే ఆగిపోతాం. రేవు దాకా ఇంకో బంకు లేదు."

రేవులో రోజుకొక్కటే ఓడ. వాళ్ళమ్మాయి మారిట్ పెట్టెలతో సహా అక్కడ నిలబడి ఉందని పక్కింటావిడ ఫోన్ చేసింది. చేపలు పట్టే ఎస్కిల్‌తో దీవిలో కాపురం పెడుతుందట. ఎదురుగా నిలబడి నాలుగు మాటలు చెబితే పిల్ల మనసు మార్చుకుంటుందని గున్వోర్ నమ్మకం. మంచులో జారి చెయ్యి విరగ్గొట్టుకోకపోతే స్టీరింగ్ తనే పట్టేది.

డీజిల్ ముల్లు వైపు చూసింది. అది రెండేళ్ళుగా సున్నా దగ్గరే చచ్చి పడి ఉంది. ట్యాంకులో ఎంతుందో అర్విడ్ నోటిలెక్కే.

"నిన్న ఊళ్ళోకెళ్ళినప్పుడు పోయించుకు రాకూడదూ?"

"మర్చిపోయాను."

మలుపు దూరంగా ఉండగానే అతను కాలు తీసేశాడు. బ్రేకు ముట్టుకోకుండా, గేరులోనే ఉంచి, కారును దాని మానాన దొర్లనిచ్చాడు. సీటు వేడిచేసే మీట కూడా ఆపేశాడు. గున్వోర్ వణికిపోయింది, చలికి సగం, కోపానికి సగం. వెనక లారీ హారన్ మోగించి దాటుకుపోయింది.

"పొదుపుగా నడిపావని బస్సు కంపెనీ నీకు ఫ్లాస్కు ఇచ్చింది. కూతుర్ని పోగొట్టుకుంటే ఏమిస్తారో?"

అర్విడ్ ఆ ఫ్లాస్కులోంచే ఓ గుక్క కాఫీ తాగాడు.

"అది వెళ్ళిపోతే ఇంట్లో మిగిలేది మనిద్దరమే," అంది గొంతు తగ్గించి.

"తెలుసు," అన్నాడతను. వేగం ముల్లు అరవై దాటలేదు.

కారు రేవులోకి దొర్లేసరికి ఓడ గట్టు వదిలేసింది. పైన రెయిలింగ్ దగ్గర గున్వోర్ అల్లిన ఎర్ర టోపీ కనిపించింది. ఆ టోపీ ఊపుతోంది మారిట్. గున్వోర్‌కు ఏడుపు ఆగలేదు.

"పద, ఇంటికి పోదాం," అన్నాడు అర్విడ్.

"దేంతో పోతాం? డీజిల్ పోయించు ముందు."

"రేపు చూద్దాంలే."

"చాల్లే నీ పొదుపు."

విసురుగా దిగి, బాగున్న చేత్తో రేవు బంకు గొట్టం లాగి ట్యాంకులో పెట్టింది. మీట నొక్కింది.

మొదటి చుక్కలకే ట్యాంకు పొంగింది.