రెండో సాక్షి

ఆ ఇంటి ద్వారబంధం పొట్టిది. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరైనా దానికి తల కొట్టుకోవలసిందే.

ఆ మధ్యాహ్నం హజ్రత్ కూడా కొట్టుకున్నాడు. ఆయన ఆ వీధి మసీదుకు ఈమధ్యే వచ్చిన ఇమాము.

"అబ్బా! ఇష్రత్, ఇల్లు నీదైనంక ముందు ఈ వాకిలి ఎత్తు పెంచమ్మా," అన్నాడు నుదురు రుద్దుకుంటూ.

ఇష్రత్ నవ్వలేదు. నవ్వడానికి కూడా కొంత ఓపిక కావాలి.

తండ్రి దావూద్‌కు పక్షవాతం వచ్చి, చూపు మసకబారి, ఏళ్లు గడిచాయి. ప్రొద్దుటూరులోని ఆ ఇంటి ముందుగదిలో పరుపులూ దిండ్లూ కుట్టి ఇద్దరి కడుపులూ నింపుతున్నది ఆమే. తల్లి లేదు. తోబుట్టువులు లేరు. అయినా, షరియత్ ప్రకారం తండ్రి తదనంతరం ఆ ఇంట్లో ఆమెది సగమే. మిగిలిన సగం తండ్రి తమ్ముడిది.

ఆ చిన్నాయనను ఆమె ఎన్నడూ చూడలేదు. ఆమె పుట్టకముందే అన్నతో మాటపట్టింపు వచ్చి, పెద్దల ఆస్తిలో తన వాటా రొక్కంగా తీసుకుని కువైట్ వెళ్లిపోయాడు. ఇప్పుడు పులివెందులలో దిగాడనీ, ఇంటి సంగతి వాకబు చేశాడనీ కబురు వచ్చింది. ఇల్లు సగమైతే పరుపుల గది పోతుంది. ఆ గది పోతే బతుకు పోతుంది.

జమ్మలమడుగు వకీలు దారి చెప్పాడు. బతికుండగానే హిబా ఇవ్వాలి, అంటే దానం. ఇచ్చానని తండ్రి నోటితో చెప్పాలి, పుచ్చుకున్నానని కూతురు చెప్పాలి. ఆ తర్వాత తండ్రి తన సామానుతో ఇల్లు విడిచి బయటికి వెళ్లి, కూతురు పిలిచాకే మళ్లీ లోపలికి రావాలి. ఇదంతా ఇద్దరు సాక్షులు చూడాలి.

ఒక సాక్షి హజ్రత్. రెండోవాడు పక్కింటి టైలరు షఫీ.

"షఫీ యాడమ్మా?"

"కలమల్లలో ఎవురో పోయినారంటే ఆడికి పోయినాడు హజ్రత్."

"అయితే రేపు చేసుకుందాం. నాకు నమాజుకు టైమైతాంది."

"రేపటికి నాయన ఎట్లుంటాడో! ప్రాణం మీదికొచ్చినాక ఇస్తే చెల్లదని వకీలు చెప్పినాడు గదా."

అంతలో వాకిలి బయట ఒక గొంతు వినిపించింది.

"తల్లీ, రోంత నీళ్లిస్తావా?"

తెల్లటి గడ్డం, చేతిలో సంచి, ఎండకు కమిలిన ముఖం. ఇష్రత్‌కు అతను దేవుడు పంపినట్టే కనిపించాడు.

"ఇస్తా మామా. నువ్వు కూడా మాకొక సాయం చేయాల. సాచ్చం ఉండాల. నువ్వు మాకు బంధువు కాదు, పగోడివీ కాదు. లోపలికి రా."

'మామా' అన్న పిలుపుకు అతను చిన్నగా నవ్వాడు. సంచి సర్దుకుని, తల వంచి లోపలికి వచ్చాడు.

హజ్రత్ దావూద్‌ను చూపిస్తూ సంగతి వివరించాడు. "ఈయప్ప తమ్ముడు ఒగడుండాడు. రేపొచ్చి వాటా అడిగితే, ఇది కూతురికిచ్చిన ఇల్లని నువ్వు చెప్పాల."

"అడుగుతాడంటావా హజ్రత్?"

జవాబు ఇష్రత్ ఇచ్చింది. "అడగకేం! ఇన్నేండ్లూ అన్న ఉండాడా పోయినాడా అని చూడనోడు, ఇప్పుడు గద్ద మాదిరి తిరుగుతాండాడు."

అతను ఆమె ఇచ్చిన గ్లాసులోని నీళ్లవైపు చూశాడు.

"అట్లయితే సాచ్చం కావాల్సిందేలే," అన్నాడు.

మంచం మీద దావూద్ తల తిప్పాడు. "ఎవురది?"

"దారిన పోయే ఆయప్ప నాయనా. సాచ్చానికి."

దావూద్ చెప్పవలసిన మాట చెప్పాడు. ఇష్రత్ పుచ్చుకున్నానంది. బట్టలమూట, ఖురాను, చేతికర్ర: అదే ముసలాయన సామాను. కొత్తాయనే చంక కింద చెయ్యి వేసి అతన్ని లేపాడు. బయటికి నడిపించి, అరుగు మీద పక్కనే కూర్చున్నాడు. హజ్రత్ చూస్తుండగా ఇష్రత్ లోపలినుంచి తలుపు మూసింది.

కన్నతండ్రిని ఎండలో పెట్టి గడియ వేసిన చెయ్యి తనదేనా అనిపించింది. కాసేపు కుట్టుమిషనుకు ఆనుకుని నిలబడింది. తర్వాత తలుపు తీసింది.

"లోపలికి రా నాయనా. ఇది నా ఇల్లు."

దావూద్ చెయ్యి ఇంకా కొత్తాయన చేతుల్లోనే ఉంది. తండ్రి కళ్లు తడిగా ఉన్నాయి. ఇల్లు వదులుకున్నందుకేమోననుకుంది ఇష్రత్.

"ఒక మాటమ్మా," అన్నాడు కొత్తాయన. "మీ నాయనను కడదాకా ఈడనే ఉంచుకుంటావు గదా?"

ఆమెకు రోషం పొడుచుకొచ్చింది. "ఇన్నాళ్లూ ఎవురు చూసినారనుకున్నావు? ఆ తమ్ముడా?"

"తప్పే తల్లీ. సాచ్చం చెప్పేటోడు అడగాల గదాని అడిగినా."

"ఆ తమ్ముడొస్తే నిన్ను యాడ వెతకాలప్పా?" అన్నాడు హజ్రత్.

"ఆయన అడగడులే హజ్రత్."

"నీకెట్ల తెలుసు?"

"నేను చూసినాక ఇంకేమడుగుతాడు?"

"నీ మీద నీకు శానా నమ్మకముండాదే!" అని నవ్వుతూ హజ్రత్ నమాజుకు నడిచాడు.

బస్సుకు వేళయిందని కొత్తాయన సంచి భుజాన వేసుకున్నాడు. అన్నం తినిపొమ్మనే మాట ఇష్రత్ నోటిదాకా వచ్చి, అలసటలో అక్కడే ఆగిపోయింది. అతను వీధి మలుపు తిరిగాడు.

ఆమె తండ్రిని మంచం మీద కూర్చోబెట్టి, తానూ నేలమీద కూలబడింది.

"ఇంక చిన్నాయన వచ్చినా నాకు భయం లేదు నాయనా."

దావూద్ మసక కళ్లతో వాకిలివైపు చూశాడు.

"ఆయప్పకు వాకిట్లో తల తగిలిందామ్మా?"

ఇష్రత్ గుర్తు చేసుకుంది.

"ల్యా నాయనా. వంగి వచ్చినాడు."

"చెప్పొద్దని నా చెయ్యి నొక్కినాడు," అని దావూద్ గోడవైపు తిరిగాడు. "వంగకేం చేస్తాడు తల్లీ, మా అమ్మ వాణ్ని కన్నది ఈ ఇంట్లోనే."