రెండూ ఎడమ చేతులే

"ఆ ఫ్యాను ఎవరు ఆపారు?"

మాస్టరమ్మ కేకకి కుట్టు మెషిన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"చలిగా ఉంది మేడం..." ఓ పిల్ల స్వెటరు దగ్గరికి లాక్కుంటూ నసిగింది.

"చలా? నాకిక్కడ ఒళ్లు కాలిపోతుంటే నీకు చలా!"

ఊరందరిదీ ఒక దారి, మాస్టరమ్మది ఒక దారి. చొక్కాలు కుట్టే ఆ కంపెనీలో ఆమె కటింగ్ మాస్టరు. నలభై ఆరేళ్లు. గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి, ఆర్నెల్లుగా చీటికీ మాటికీ అంతెత్తున లేస్తోంది. ఉన్నట్టుండి మెడ నుంచి నెత్తిదాకా ఆవిర్లు. నెలసరి ఒక నెల ఎగ్గొట్టి, మరో నెల పదిహేను రోజులకే విరుచుకుపడుతోంది. నిద్ర లేదు. మొన్న సొంత కూతుర్ని పిలవబోయి పేరు కోసం తడుముకుంది.

తనకి మతి పోతోందని ఆమె భయం. ఆ సంగతి బయటపడితే ఉద్యోగం పోతుందని ఇంకో భయం. మొగుడు మంచం పట్టాక ఇల్లు నడిచేది ఆమె కష్టం మీదే.

"మంచినీళ్లు తాగమ్మా."

వారం కిందట చేరిన దారాలావిడ. కుట్టిన చొక్కాలకి వేలాడే దారాలు కత్తిరించడం ఆమె పని. అరవైకి దగ్గర పడ్డ మనిషి. ఎవరూ చెప్పకుండానే ఫ్యాను వేసి, గ్లాసు చేతికిచ్చింది.

"నిద్ర పడుతోందా?"

"నీకెందుకు?"

"నీ వయసులో నాకూ ఇంతే. పిచ్చెక్కుతోందనుకున్నా. పిచ్చి కాదమ్మా, ముట్లు ఆగిపోయే ముందు ఒంట్లో వచ్చే మార్పు. కొన్నేళ్లుంటుంది. డాక్టరమ్మకి చూపించుకో, రక్తం తక్కువైందేమో చూస్తారు. ఈ ఆవిర్లకీ మందులున్నాయి. నూలు బట్టలు కట్టుకో. సాయంత్రం టీ మానెయ్. ఏదీ జ్ఞాపకం మీద వదిలెయ్యకు, రాసి పెట్టుకో. ఇంట్లో కూడా చెప్పు. చెప్పకపోతే వాళ్లకేం తెలుస్తుంది?"

చుట్టూ ఉన్నవాళ్లు చెవులు రిక్కించారు. మాస్టరమ్మకి తల కొట్టేసినట్టయింది.

"నీకిచ్చిన పని దారాలు కత్తిరించడం. నా ఆరా తీయడం కాదు."

ఆవిడ నొచ్చుకోలేదు. మర్నాడూ నీళ్లు తెచ్చింది. ఆ మర్నాడూ తెచ్చింది. మాస్టరమ్మకి ఒళ్లు మండేది నీళ్లకి కాదు. పోతూ పోతూ కటింగు బల్ల మీదకి ఆవిడ ఓ చూపు చూసి పోతుంది, దానికి. దారాల మనిషికి ఆ బల్లతో ఏం పని? మేనేజరు పెట్టిన గూఢచారే అయి ఉంటుందనుకుంది. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా!

శుక్రవారం పెద్ద ఆర్డరు. బల్ల మీద రెండు వందల పొరల బట్ట పరిచారు. పైన మాస్టరమ్మ గీసిన కాగితం. దాని గీతల వెంబడే కత్తి నడుస్తుంది. ఒక్క గీత తప్పితే రెండు వందల చొక్కాలూ తప్పుతాయి. మేనేజరు పక్కనే నిలబడ్డాడు. మాస్టరమ్మ కత్తి మెషిన్ ఆన్ చేసింది. మెడ దగ్గర మళ్లీ ఆవిరి మొదలైంది.

కత్తి బట్టని తాకబోతుండగా మెషిన్ ఆగిపోయింది.

గోడ దగ్గర, స్విచ్ మీద చెయ్యేసి దారాలావిడ నిలబడి ఉంది.

"ఆగమ్మా! ఒక్కసారి ఆ కాగితం..."

"ఎవరిచ్చారు నీకు ఆ అధికారం?" మాస్టరమ్మ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "చూశారా సార్! వారం నుంచీ నన్ను వేపుకు తింటోంది. ఈవిడుంటే నేనుండను!"

కటింగు సమయంలో ఇంకొకరు స్విచ్ ముట్టుకోవడం అక్కడ పెద్ద తప్పు. మేనేజరు రెండో మాట అడగలేదు. ఈవిడని మళ్లీ గేటు దాటి రానివ్వకూడదని అక్కడికక్కడే ఫిర్యాదు రాశాడు. మాస్టరమ్మ గబగబా సంతకం గీకింది. ఆ కాగితం పట్టుకుని ఆయన తన గదిలోకి వెళ్లిపోయాడు.

దారాలావిడ ఏడవలేదు. కత్తెర బల్ల మీద పెట్టింది.

"చొక్కా చేతులు ఎటు గీశావో ఇంకోసారి చూసుకో తల్లీ," అని మెల్లిగా అని వెళ్లిపోయింది.

మాస్టరమ్మ విసుగ్గా కాగితం వైపు చూసింది. చూసి బిగుసుకుపోయింది.

బట్ట పొరలన్నీ మంచివైపు పైకే ఉండేలా పరిచారు. అలాంటప్పుడు కాగితం మీద ఒక కుడి చెయ్యి, ఒక ఎడమ చెయ్యి గీయాలి. ఆమె రెండూ ఎడమ చేతులే గీసింది. పని నేర్చుకునే పిల్లలు కూడా చెయ్యని తప్పు. మెషిన్ ఆగకపోయి ఉంటే రెండు వందల చొక్కాలకి కుడి చెయ్యి ఉండేది కాదు, తనకి ఉద్యోగం ఉండేది కాదు.

గేటుదాకా పరుగెత్తింది. రోడ్డు మీద ఎవరూ లేరు.

గేటు పక్కన ముసలి మెకానిక్ ఓ మోటారు విప్పుకుని కూర్చున్నాడు. ఆ కంపెనీలో పదేళ్ల పైబడి ఉన్నది ఆయనొక్కడే.

"బాబాయ్! దారాలు కత్తిరించే ఆవిడకి కటింగు ఎలా తెలుసు?"

ఆయన తలెత్తలేదు. "ఎవరికీ చెప్పనని మాటిచ్చానమ్మా."

"నీకు దణ్ణం పెడతాను. నేనావిడని గెంటించేశాను బాబాయ్!"

మెకానిక్ చేతిలోని స్పానర్ కింద పెట్టాడు.

"నీకు చెమటలు, కోపం, మతిమరుపు అని ఓ రోజు ఆవిడ దగ్గర నేనే నోరు జారాను. 'నాకప్పుడు చెప్పే దిక్కు లేకపోయింది, ఆ పిల్లకైనా చెప్పాలి' అని ఈ వయసులో దారాల పనికి వచ్చి చేరింది."

"ఇంతకీ ఎవరావిడ?"

"తొమ్మిదేళ్ల కిందట అదే బల్ల మీద మూడు వందల చొక్కాలకి రెండూ ఎడమ చేతులే కోసి, మతి చెడిందనిపించుకుని, ఇదే గేట్లోంచి ఏడుస్తూ పోయిన మనిషి. నీకు ముందు ఇక్కడ మాస్టరమ్మ ఆవిడే."